సంస్కృతి, యువత, సామాజిక గుర్తింపు: ఇంటర్ విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పాఠం చెప్పిన ప్రతి ఏడాదీ, తరగతి నెల్లూరులోదైనా ఒంగోలులోదైనా, విద్యార్థులు దాదాపు ఇవే సందేహాలు అడుగుతున్నారు. పరీక్షల ముందు రాత్రి పదింటికి అమ్మ ఫోను నుంచో నాన్న ఫోను నుంచో అవే మళ్లీ వస్తాయి. అందుకే వాటిని వాళ్లు అడిగిన మాటల్లోనే ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న దగ్గరే పూర్తి జవాబు ఉంది కాబట్టి వరుసగా చదవవలసిన అవసరం లేదు.

## పాఠం మొదలుపెట్టేటప్పుడు

సంస్కృతి అంటే కూచిపూడి, సంక్రాంతి ముగ్గులు, గుడి గోపురాలు. అంతే కదా సార్?

అవన్నీ సంస్కృతిలో భాగమే, కానీ సంస్కృతి అక్కడితో ఆగదు. తెలుగులో ఈ మాటకు "సంస్కరించబడినది, మెరుగుపడినది" అన్న ఛాయ ఉండడం వల్ల, వేదిక మీద ప్రదర్శించదగినదే సంస్కృతి అన్న అభిప్రాయం మనకు చిన్నప్పటి నుంచీ స్థిరపడింది. పాఠశాల వార్షికోత్సవంలోని "సాంస్కృతిక కార్యక్రమాలు" ఆ అభిప్రాయాన్ని మరింత గట్టిపరిచాయి. సమాజశాస్త్రం ఈ మాటను ఇంకా విశాలంగా వాడుతుంది. బ్రిటిష్ మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ టైలర్ 1871లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, సమాజంలో సభ్యుడిగా ఉండడం వల్ల మనిషి నేర్చుకున్న జ్ఞానం, విశ్వాసాలు, కళ, నీతి, చట్టం, ఆచారం, ఇతర అలవాట్లు అన్నీ కలిసిన సంక్లిష్ట సముదాయమే సంస్కృతి. ఇందులో కీలకమైన మాట "నేర్చుకున్న" అన్నది. ఆకలి వేయడం సంస్కృతి కాదు. ఆ ఆకలికి అన్నం తినాలా రొట్టె తినాలా, ఎవరి ముందు తినాలి, ఎవరు వడ్డించాలి అన్నది సంస్కృతి.

నాకు నచ్చిన ఉదాహరణ ఒకటి చెబుతాను. బస్టాండులో కిక్కిరిసిన బస్సు ఆగగానే ఒకాయన కిటికీలోంచి చేతిరుమాలు సీటు మీద పడేస్తాడు. అతను తలుపు దగ్గర తోసుకుని లోపలికి వచ్చేదాకా ఆ సీటులో ఎవరూ కూర్చోరు. కూర్చుంటే తగాదా వస్తుంది, ఆ తగాదాలో చుట్టూ ఉన్నవాళ్లు రుమాలు వేసినవాడి పక్షమే మాట్లాడతారు. ఈ నియమం ఏ చట్టంలోనూ లేదు, ఏ బడిలోనూ చెప్పలేదు, అయినా బస్సులోని అందరికీ తెలుసు. నేర్చుకున్నది, నలుగురూ పంచుకునేది, చూసి ఒకరి నుంచి మరొకరికి అందేది అన్న మూడు లక్షణాలూ ఆ రుమాలులో ఉన్నాయి.

సంస్కృతి, సంప్రదాయం, ఆచారం, నాగరికత. నాలుగూ ఒకటేనా?

కావు. ఒక సందర్భంలో ఎలా నడుచుకోవాలో చెప్పేది ఆచారం. తరతరాలుగా కొనసాగుతూ, కొనసాగాలన్న పట్టుదల కూడా ఉన్న ఆచారాల వరుస సంప్రదాయం. సంస్కృతి ఈ రెంటినీ కలుపుకొని, నిన్న మొన్న వచ్చిన అలవాట్లను కూడా తనలో ఇముడ్చుకుంటుంది. నాగరికత అన్న మాటను సాధారణంగా పట్టణాలు, లిపి, పరిపాలన, పెద్ద ఎత్తున శ్రమ విభజన ఏర్పడిన సమాజాల విషయంలో వాడతారు. అందువల్ల నాగరికత లేని సమాజం ఉండవచ్చు గానీ సంస్కృతి లేని సమాజం ఉండదు. నల్లమలలోని చెంచులకు "సంస్కృతి లేదు" అని రాసిన జవాబు పత్రాలు నేను దిద్దాను. అది పొరపాటు మాత్రమే కాదు, అన్యాయం కూడా.

భౌతిక, అభౌతిక సంస్కృతులకు మన జిల్లా ఉదాహరణ ఒకటి చెప్పండి.

మార్కాపురం పలకను తీసుకోండి. రాతిని పొరలుగా చీల్చి, నున్నగా చేసి, చుట్టూ చెక్క చట్రం బిగించిన ఆ వస్తువు భౌతిక సంస్కృతి. దాన్ని తయారుచేసే పనితనం, అక్షరాభ్యాసం నాడు పిల్లవాడి వేలు పట్టుకుని రాయించే పద్ధతి, పలకకు పొరపాటున కాలు తగిలితే వెంటనే తాకి కళ్లకద్దుకునే అలవాటు, చదువు పూజనీయమన్న భావన అభౌతిక సంస్కృతి.

ఈ ఉదాహరణలో మరో సంగతి ఉంది. పలక స్థానంలో నోటు పుస్తకం వచ్చింది, ఇప్పుడు ట్యాబ్ కూడా వచ్చింది, కానీ కళ్లకద్దుకునే అలవాటు పలకతో పాటు పోలేదు. మా తరగతిలో ఒక అమ్మాయి కిందపడ్డ ట్యాబ్‌కు కాలు తగలగానే ఏమాత్రం ఆలోచించకుండా వంగి కళ్లకద్దుకుంది. వస్తువులు వేగంగా మారితే వాటికి సంబంధించిన భావాలు, నియమాలు వెనుక నెమ్మదిగా నడుస్తాయన్న విషయాన్ని అమెరికన్ సమాజశాస్త్రవేత్త విలియం ఆగ్‌బర్న్ 1922లో ప్రతిపాదించాడు. దీన్నే సాంస్కృతిక విలంబన అంటారు.

మా ఇంట్లో పండుగలూ పూజలూ ఏమీ చేయరు. మాకు సంస్కృతి లేనట్లేనా?

పండుగ చేయకూడదన్న నిర్ణయం కూడా నేర్చుకున్నదే, కారణాలున్నదే. మీ ఇంట్లో అన్నం ఎవరు ముందు తింటారో, చుట్టాలు వస్తే ఎవరు లేచి నిలబడతారో ఒక్కరోజు గమనించండి. రాయడానికి కావలసినంత దొరుకుతుంది.

మన సంస్కృతి అన్నిటికన్నా గొప్పదని రాస్తే తప్పా?

దేశభక్తి వ్యాసంలో తప్పు కాకపోవచ్చు, సమాజశాస్త్రం జవాబులో తప్పే. తన సమూహాన్ని కొలబద్దగా పెట్టుకుని ఇతరులను తూచడాన్ని అమెరికన్ సమాజశాస్త్రవేత్త విలియం సమ్నర్ 1906లో వర్ణించాడు. మన పుస్తకాల్లో దీన్ని స్వజాతి కేంద్రీయత అని రాస్తున్నారు. ఒక ఆచారాన్ని అది పుట్టిన సమాజపు పరిస్థితుల్లో పెట్టి అర్థం చేసుకోవడం సాంస్కృతిక సాపేక్షత. అర్థం చేసుకోవడమంటే సమర్థించడం కాదన్న వాక్యాన్ని కూడా తప్పక రాయండి. బాల్య వివాహం ఎందుకు కొనసాగుతోందో వివరించగలగడం వేరు, కొనసాగాలనడం వేరు.

## యువత దగ్గరికి వచ్చాక

యువత అంటే ఏ వయసువాళ్లు? ఒక్కో పుస్తకంలో ఒక్కో అంకె ఉంది.

అన్ని అంకెలూ సరైనవే, ఎందుకంటే ఒక్కో అంకెను ఒక్కో పని కోసం పెట్టుకున్నారు. ఐక్యరాజ్యసమితి గణాంకాల కోసం 15 నుంచి 24 ఏళ్ల వారిని యువత అంటుంది. మన జాతీయ యువజన విధానం 2003లో 13 నుంచి 35 ఏళ్ల వరకు అని చెప్పి, 2014లో దాన్ని 15 నుంచి 29కి కుదించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 10 నుంచి 19 ఏళ్లు కౌమారం. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడికలో 18 నిండని ప్రతి ఒక్కరూ బాలలే. 61వ రాజ్యాంగ సవరణ ఓటు హక్కు వయసును 21 నుంచి 18కి తగ్గించింది, కానీ శాసనసభకు పోటీ చేయాలంటే 25 నిండాలి.

ఈ లెక్కన ఆత్మకూరులో ఇంటర్ రెండో సంవత్సరం చదివే 17 ఏళ్ల అమ్మాయి ఒకే ఉదయం బాలల చట్టానికి బాలిక, ఆరోగ్య సంస్థకు కౌమార బాలిక, యువజన విధానానికి యువత, ఇంట్లో అమ్మమ్మకు "పెళ్లీడు పిల్ల". అంకెను బట్టీ పట్టి ఒక్కటే రాయడం కన్నా, ఆ అంకెను ఎవరు పెట్టుకున్నారో, దేని కోసం పెట్టుకున్నారో పక్కన రాస్తే ఆ జవాబు విలువ పెరుగుతుంది. నిధులు పంచే వారికి గీత ఒకచోట కావాలి, శిక్ష వేసే వారికి ఇంకోచోట కావాలి, ఓట్లు లెక్కించే వారికి మరోచోట కావాలి.

వయసు వస్తే శరీరం మారుతుంది. అది జీవశాస్త్రం కదా, ఇక్కడ ఎందుకు చదవాలి?

శరీరం మారడం జీవశాస్త్రమే. ఆ మార్పుకు సమాజం ఏ అర్థం ఇస్తుంది, ఎన్నేళ్ల గడువు ఇస్తుంది అన్నది సమాజశాస్త్రం. అమెరికన్ మనస్తత్వవేత్త స్టాన్లీ హాల్ 1904లో కౌమారమంటే తుఫాను, ఒత్తిడి అని, అది అందరికీ వచ్చేదని అన్నాడు. పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవుల్లో పరిశీలన చేసి వచ్చిన మానవశాస్త్రవేత్త మార్గరెట్ మీడ్, అక్కడి అమ్మాయిలకు ఆ దశ అంత అలజడిగా లేదని 1928లో రాసింది. ఆమె పరిశీలనలు తప్పని మరో మానవశాస్త్రవేత్త డెరెక్ ఫ్రీమన్ 1983లో వాదించాడు, ఆ వాదోపవాదాలు చాలాకాలం సాగాయి. మీడ్ పేరు రాసేవారు ఆ వివాదం సంగతి కూడా ఒక వాక్యంలో చెప్పడం మంచిది.

దగ్గరి ఉదాహరణ కావాలంటే కొత్తపట్నం తీరంలో తెల్లవారకముందే పడవ మీద వెళ్లే 17 ఏళ్ల కుర్రాడిని, అదే సమయానికి కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో స్టడీ అవర్ గంటకు లేచే 17 ఏళ్ల కుర్రాడిని పక్కపక్కన పెట్టండి. ఇద్దరి గడ్డాలూ ఒకేసారి మొలుస్తున్నాయి. మొదటివాడు ఇంట్లో బియ్యానికి డబ్బు ఇస్తున్నాడు, ఊళ్లో తగాదా వస్తే అతని మాట వింటారు. రెండోవాడు ఫోను కావాలంటే వార్డెన్ అనుమతి అడగాలి. యవ్వనానికి సమాజం ఇచ్చే గడువు అందరికీ సమానంగా ఉండదు. చదువు ఎంత సాగితే ఆ గడువు అంత పొడుగవుతుంది.

అభిమాన సంఘాలు ఉపసంస్కృతా, ప్రతిసంస్కృతా?

ఉపసంస్కృతి. సినిమా విడుదల ముందు రాత్రి ఫ్లెక్సీలు కట్టడం, కటౌట్‌కు పాలాభిషేకం చేయడం, మొదటి ఆట టికెట్టు దక్కించుకోవడంలోని గౌరవం, తమలో తాము వాడుకునే మాటలు అన్నీ కలిసి ప్రత్యేక ప్రపంచంగా ఏర్పడతాయి గానీ, ఆ ప్రపంచం పెద్ద సమాజపు విలువలను కాదనదు. పాలాభిషేకం గుడి నుంచి తెచ్చుకున్నదే కదా. ప్రధాన విలువలను బాహాటంగా తిరస్కరించి వేరే జీవన విధానం ఎంచుకుంటే అది ప్రతిసంస్కృతి. 1960లలో అమెరికాలో వచ్చిన హిప్పీ ధోరణిని ఇందుకు ఉదాహరణగా చెబుతారు.

"ఈ కాలం పిల్లలు" అని పెద్దలు అనడం తరాల అంతరానికి ఉదాహరణ అవుతుందా?

అవుతుంది, కానీ ఆ ఒక్క మాటతో ఆపవద్దు. ఏ విషయంలో అంతరం ఉందో, ఏ విషయంలో లేదో వేరు చేయండి. జుట్టు, దుస్తులు, ఫోను విషయాల్లో తాతతో తగువు పడే మనవడు పెళ్లి సంబంధం దగ్గర తాత చెప్పిన మాటే వినడం మన చుట్టూ మామూలే.

## గుర్తింపు దగ్గర తికమకపడినప్పుడు

సామాజిక గుర్తింపు అంటే గుర్తింపు కార్డు లాంటిదా?

తెలుగులో ఒకే మాట రెండు పనులు చేయడం వల్ల వచ్చిన చిక్కు ఇది. కార్డు ఒక మనిషిని మిగతా అందరి నుంచి వేరు చేసి చూపిస్తుంది. సామాజిక గుర్తింపు అతన్ని కొందరితో కలిపి చూపిస్తుంది. "నేను ఎవరిలో ఒకడిని?" అన్న ప్రశ్నకు మనం చెప్పుకునే జవాబు, ఇతరులు మన గురించి చెప్పే జవాబు, ఈ రెండూ కలిసినదే సామాజిక గుర్తింపు. సాహిత్య విమర్శలో "అస్తిత్వం" అన్న మాట ఎక్కువగా కనిపిస్తుంది. దళిత, స్త్రీ, మైనారిటీ అస్తిత్వ ఉద్యమాలు అనడం అందుకే. పరీక్షలో ఏ మాట వాడినా ఫరవాలేదు, మొదటి నుంచి చివరి వరకు అదే మాట వాడండి.

గుర్తింపు గీతలు కాగితం మీద ఎలా కదులుతాయో కందుకూరు చూపిస్తుంది. గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి కొన్ని ప్రాంతాలు తీసి 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లాను ఏర్పాటు చేశారు, 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. అప్పుడు నెల్లూరు నుంచి విడిపోయిన కందుకూరు 2022 ఏప్రిల్‌లో మళ్లీ నెల్లూరు జిల్లాలో కలిసింది. 1970కి ముందు ఆ ఊళ్లో పుట్టి ఊరు దాటని పెద్దాయన నెల్లూరు జిల్లావాడిగా పుట్టి, యాభై ఏళ్లు ప్రకాశం జిల్లావాడిగా బతికి, మళ్లీ నెల్లూరు జిల్లావాడయ్యాడు. ఆయన యాస మాత్రం జీవోలతో మారలేదు. ఎదురుపడిన కుర్రాడిని "యాడికి పోతుండావబ్బయ్యా" అనే పలకరిస్తాడు. ఆ ఒక్క పలకరింపుతోనే విజయవాడవాళ్లు ఆయనది ఎటువైపో పోల్చుకుంటారు.

గుర్తింపు పుట్టుకతో వస్తుందా, మనం తెచ్చుకుంటామా?

రెండు విధాలుగానూ వస్తుంది. కులం, లింగం, పుట్టిన ఊరు, మాతృభాష మన ప్రయత్నం లేకుండా వచ్చేవి కాబట్టి ఆపాదిత అంతస్తులు; చదువు, వృత్తి, సంఘ సభ్యత్వం వంటివి అర్జిత అంతస్తులు. ఈ విభజన 1936లో అమెరికన్ మానవశాస్త్రవేత్త రాల్ఫ్ లింటన్ చేసినది. అయితే ఈ రెండు గదుల మధ్య గోడ పుస్తకంలో కనిపించినంత గట్టిది కాదు.

ఆపాదించేది పుట్టుక మాత్రమే కాదు, ప్రభుత్వం కూడా ఆపాదించగలదు. కొన్ని జాతులను మొత్తంగా నేరస్థులుగా ముద్ర వేస్తూ 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తింపజేశారు. అలా ముద్ర పడినవారిని నిఘాలో ఉంచే సెటిల్‌మెంట్ ఒకటి కావలి దగ్గర నడిచింది. అక్కడ పుట్టిన పసిబిడ్డ ఏ తప్పూ చేయకముందే పుట్టుకతోనే అనుమానితుల జాబితాలో చేరేది. 1952లో ఆ ముద్రను తొలగించి వారిని విముక్త జాతులన్నారు, కానీ చట్టం రద్దైనంత తేలికగా చూపులు రద్దు కాలేదు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా నెల్లూరు జిల్లాలోనే ఉంది. 1990ల తొలినాళ్లలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించారు. అంతకుముందు ఫలానావాడి భార్య, ఫలానా కులం, ఫలానా వీధి అన్న గుర్తింపులతో విడివిడిగా ఉన్నవారు ఆ పోరాటంలో "సారా వ్యతిరేక మహిళలు"గా నిలబడ్డారు, ఊరి పేరే ఉద్యమం పేరైంది. రాష్ట్రంలో 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. నిషేధం తరువాత సడలిపోయింది. కలిసి చేసిన పని నుంచి కొత్త గుర్తింపు పుడుతుందనడానికి మాత్రం మన ప్రాంతంలో ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఎంపీసీ వాళ్లు, సీఈసీ వాళ్లు అని విడిపోవడం కూడా సామాజిక గుర్తింపేనా?

ముమ్మాటికీ. మనస్తత్వవేత్త హెన్రీ తాజ్‌ఫెల్ ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో మీకన్నా కాస్త చిన్న పిల్లల మీద, అంటే 14, 15 ఏళ్ల అబ్బాయిల మీద ప్రయోగం చేసి 1970లో ప్రచురించాడు. తెర మీద చుక్కలు చూపించి ఎన్ని ఉన్నాయో అంచనా వేయమన్నారు. ఆ అంచనాను బట్టి రెండు జట్లు చేస్తున్నామని చెప్పి, నిజానికి లాటరీ పద్ధతిలో విడగొట్టారు. తన జట్టులో ఎవరున్నారో ఎవరికీ తెలియదు. తరువాత ఇద్దరు అజ్ఞాత వ్యక్తులకు డబ్బు పంచమంటే, ఎక్కువమంది తమ జట్టువాడికి ఎక్కువ ఇచ్చారు. వేరే చిత్రాల ఆధారంగా జట్లు చేసిన మరో ప్రయోగంలో, మొత్తం మీద తమవాడికి కాస్త తగ్గినా సరే, అవతలివాడికన్నా తేడా ఎక్కువ ఉండేలా పంచే ధోరణి కనిపించింది. దీని ఆధారంగా తాజ్‌ఫెల్, జాన్ టర్నర్ 1979లో సామాజిక గుర్తింపు సిద్ధాంతాన్ని వివరించారు: మనుషులను వర్గాలుగా చూస్తాం, ఒక వర్గంతో మమేకమవుతాం, ఆపై ఆ వర్గం అవతలి వర్గంకన్నా మెరుగని చూపుకోవాలనుకుంటాం.

చుక్కల లెక్కకే అంత పక్షపాతం పుడితే, గ్రూపు పేరు, సెక్షన్ పేరు, హాస్టల్, డే స్కాలర్, ర్యాంకు బ్యాచ్ అన్న గీతలతో రోజంతా నడిచే కాలేజీలో ఏం పుడుతుందో మీరే రాయగలరు. "సీఈసీ తీసుకున్నాడంటే మార్కులు రాలేదన్నమాట" అన్న వాక్యం ఆ మూడో మెట్టుకు అచ్చమైన ఉదాహరణ.

ఒకే మనిషికి ఇన్ని గుర్తింపులుంటే అవి గొడవపడవా?

పడతాయి. ఒంగోలు అమ్మాయి ఇంట్లో పెద్ద కూతురు, కళాశాలలో కబడ్డీ జట్టు కెప్టెన్. సాయంత్రం ఆరింటికి ఇంట్లో ఉండాలని మొదటి పాత్ర, మైదానంలో ఉండాలని రెండోది అంటాయి. దీన్ని పాత్ర సంఘర్షణ అంటారు. అయితే ఎక్కువ సమయం గుర్తింపులు వంతులవారీగా ముందుకు వస్తాయి. నెల్లూరులో ఉన్నప్పుడు కులమో వీధో ముందుంటుంది, హైదరాబాదులో "నెల్లూరోళ్లు" అవుతాం, ఢిల్లీ చేరితే కేవలం తెలుగువాళ్లం.

రొట్టెల పండుగ ముస్లింలదా, హిందువులదా? ఏమని రాయాలి?

నెల్లూరు స్వర్ణాల చెరువు ఒడ్డున ఉన్న బారా షహీద్ దర్గా దగ్గర మొహర్రం నెలలో జరిగే పండుగ అని రాయండి. పన్నెండు మంది అమరుల సమాధుల వల్ల ఆ పేరు వచ్చింది. మూలం రీత్యా అది ముస్లిం పుణ్యస్థలం. పాల్గొనేవారి రీత్యా అది అన్ని మతాల వారిది. కోరిక తీరినవారు చెరువు నీటిలో నిలబడి రొట్టె ఇస్తారు, అదే కోరిక ఉన్నవారు తీసుకుంటారు, తీరాక వారు మళ్లీ వచ్చి ఇంకొకరికి ఇస్తారు. ఆ నీళ్లలో "విద్య రొట్టె ఎవరి దగ్గరుంది?", "ఉద్యోగం రొట్టె కావాలి" అని వెతుక్కునేవారు రొట్టె పేరే అడుగుతారు గానీ ఇచ్చేవారి మతం అడగరు. పెళ్లి, సంతానం, ఆరోగ్యం రొట్టెల సరసన విదేశీ రొట్టె వచ్చి చేరడం చూస్తే, పాత ఆచారం కొత్త కోరికలకు ఎలా చోటిస్తుందో తెలుస్తుంది. రాజ్యాంగంలోని 51ఎ అధికరణం పౌరుల విధుల్లో చెప్పిన "మిశ్రమ సంస్కృతి"కి దీన్ని ఉదాహరణగా ధైర్యంగా రాయవచ్చు.

బయటి తిండి, బయటి భాష వస్తే మన సంస్కృతి నాశనమైనట్లేనా?

నెల్లూరు చేపల పులుసులోని మిరపకారాన్ని అడిగితే కాదంటుంది. మిరప అమెరికా ఖండాల పంట. పోర్చుగీసువారి రాక తరువాతే మన వంటింటికి చేరింది. 13వ శతాబ్దంలో నెల్లూరులో భారతం రాసిన తిక్కన ఎర్రటి చేపల పులుసును ఎరగడు. ఒంగోలు రైతు పండించే పొగాకు కూడా సముద్రం దాటి వచ్చినదే. అలమార, మేస్త్రి అన్న మాటలు పోర్చుగీసు నుంచి, జిల్లా అన్న మాట అరబ్బీ నుంచి వచ్చి తెలుగైపోయాయి. బయటిది రావడం ఎప్పుడూ ఉన్నదే. దాన్ని మనం మలచుకుంటున్నామా, లేక మనది చెప్పుకోవడానికి సిగ్గుపడి వదిలేస్తున్నామా అన్నదే తేడా. ఇంటి భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకునే హక్కును రాజ్యాంగం 29వ అధికరణంలో ఇచ్చింది.

## పరీక్ష, ప్రాజెక్టు దగ్గర

నిర్వచనాలు ఇంగ్లిషులోనే బట్టీ పట్టాలా?

అవసరం లేదు. పేరు, సంవత్సరం, నిర్వచనంలోని కీలక పదం వదలకుండా సొంత తెలుగులో రాస్తే చాలు.

కులం గురించి రాస్తే మార్కులు తగ్గిస్తారా?

కులం ప్రస్తావన లేకుండా మన ప్రాంతంలో సామాజిక గుర్తింపు గురించి రాయడమే కష్టం. ఒక కులాన్ని పొగుడుతూనో కించపరుస్తూనో రాస్తే మార్కులు పోతాయి. బావి దగ్గర, పెళ్లి పత్రిక మీద, అద్దె ఇంటి వేటలో కులం ఏ పని చేస్తుందో రాస్తే పోవు. తోటి విద్యార్థుల పేర్లు మాత్రం ఎక్కడా రాయకండి.

ప్రాజెక్టుకు ఎవరిని అడగాలి? ఏమని అడగాలి?

మూడు తరాలవారిని, ఒక్కొక్క తరం నుంచి ఇద్దరు ముగ్గురిని అడిగితే సరిపోతుంది. ముందు అనుమతి తీసుకోండి, పేర్లకు బదులు "65 ఏళ్ల రైతు", "19 ఏళ్ల విద్యార్థిని" అని రాయండి. పుస్తకపు మాటలతో ప్రశ్న వేయవద్దు. మా విద్యార్థిని ఒకతె ఉదయగిరి వైపు పల్లెలో తన అమ్మమ్మను "మీ సామాజిక గుర్తింపు ఏమిటి?" అని అడిగితే, ఆ పెద్దావిడ లోపలికి వెళ్లి పెట్టె తీసి రేషన్ కార్డు తెచ్చి చేతిలో పెట్టింది. మరునాడు అదే ప్రశ్నను "కొత్త ఊరికి కోడలిగా పోయినప్పుడు నిన్ను ఏమని పిలిచారు అమ్మమ్మా?" అని మార్చి అడిగింది. పుట్టింటి ఊరి పేరుతో పిలిచారని, పెద్దకొడుకు పుట్టాక వాడి పేరుతో ఫలానావాడి అమ్మ అన్నారని, పొదుపు సంఘానికి లీడరయ్యాకే తన సొంత పేరు ఊళ్లో నలుగురికీ తెలిసిందని ఆవిడ చాలాసేపు చెప్పింది. ఆ ప్రాజెక్టులో ఎనిమిది పేజీలు ఆ ఒక్క జవాబు నుంచే వచ్చాయి.